పాంటియాక్ జీటీవో కన్వర్టిబుల్ కొనాలనుకుంటున్నారా? అసలుదో కాదో తేల్చుకోవడం నుంచి రోడ్డెక్కించే దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది డెట్రాయిట్ శివార్లలో. మా గరాజ్‌లో 1967 నాటి పాంటియాక్ జీటీవో కన్వర్టిబుల్, అంటే పైకప్పు మడిచేసుకోగలిగే పాత అమెరికన్ కారు, ఉంది. కొన్న రోజు నుంచి మళ్లీ రోడ్డెక్కిన రోజు దాకా ఆరేళ్లు పట్టింది. ఇక్కడి కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది. పిల్లలు కాలేజీలకు వెళ్లాక, చేతిలో కాస్త తీరిక మిగిలాక, ఇలాంటి పాత బండి మీద మనసు పడ్డవాళ్లు "అన్నా, ఒక బండి చూశాను, ఫొటోలు పంపిస్తున్నా, చూసి చెప్పు" అని ఫోన్ చేస్తుంటారు. అందరి అనుమానాలూ దాదాపు ఒకటే. అవన్నీ దశలవారీగా ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లొచ్చు.

## వెతుకుతున్నప్పుడు

అసలు జీటీవోకి అంత పేరెందుకు?

1964లో జనరల్ మోటార్స్ తన మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని నియమం పెట్టుకుంది. అందులోని పాంటియాక్ విభాగం ఇంజనీర్లు జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్, రస్సెల్ జీ పెద్ద కార్లలోని 389 ఇంజన్‌ను చిన్న టెంపెస్ట్ బాడీలో కూర్చోబెట్టారు. నియమం కొత్త మోడళ్లకే గానీ ఆప్షన్లకు కాదన్న సందు చూసుకుని, టెంపెస్ట్‌లోనే మెరుగైన రకమైన లెమాన్స్ మీద సుమారు 295 డాలర్ల ఆప్షన్‌గా అమ్మారు. మొదటి ఏడాదే 32,450 బళ్లు పోయాయి. ఆ తర్వాత మిగతా కంపెనీలన్నీ అదే బాట పట్టాయి.

ఏ సంవత్సరం బండి తీసుకోమంటారు?

తొలిసారి కొనేవాళ్లకు నేను 1966, 1967 బళ్లే చెబుతాను. అప్పటికి జీటీవో సొంత మోడల్ అయింది, కాబట్టి అసలుదో కాదో బండి నంబరే చెప్పేస్తుంది. 1967లో ఇంజన్ 400కు పెరిగింది. బ్రేకులకు రెండు విడి గదులున్న మాస్టర్ సిలిండర్, గుద్దుకుంటే లోపలికి ముడుచుకునే స్టీరింగ్ కాలమ్ వచ్చాయి, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఆప్షన్‌గా దొరికాయి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరగాలనుకునేవాళ్లకు ఇవి చిన్న విషయాలు కావు. 1968 నుంచి ఆకారం పూర్తిగా మారింది, వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 115 నుంచి 112 అంగుళాలకు తగ్గింది. ఆ గుండ్రటి రూపం నచ్చేవాళ్లూ ఉన్నారు.

కన్వర్టిబుల్స్ ఎన్ని తయారయ్యాయి?

1964లో 6,644. 1965లో 11,311. 1966లో అన్నిటికంటే ఎక్కువగా 12,798. 1967లో 9,517. 1968లో కాస్త పెరిగినా, ఆ తర్వాత తగ్గుతూ వచ్చి 1971లో జడ్జ్ అనే ప్రత్యేక రకంతో కలిపి 678 మాత్రమే. జీటీవో కన్వర్టిబుల్ అక్కడితో ఆగిపోయింది. 1971 నాటి జడ్జ్ కన్వర్టిబుల్స్ అయితే మొత్తం 17. ఎవరైనా "నా దగ్గర ఒకటుంది, మీకు చవగ్గా ఇస్తా" అన్నారంటే, కాగితాలు చూడనిదే కారు దగ్గరకు కూడా వెళ్లకండి.

## అసలుదో కాదో తేల్చుకునేటప్పుడు

ఇది నిజం జీటీవోనా, లేక లెమాన్స్‌కి బ్యాడ్జీలు తగిలించారా? ఎలా తెలుస్తుంది?

1966 నుంచి 1971 దాకా బళ్లకు ముందు చూడాల్సింది బండి నంబరు, అంటే విన్. 1967 వరకూ దాని పట్టీ డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే ముందు స్తంభం మీద ఉంటుంది. 1968 నుంచి డాష్‌బోర్డు మీదకొచ్చింది, ముందు అద్దంలోంచి చదవొచ్చు.

కన్వర్టిబుల్ జీటీవో నంబరు 24267తో మొదలవ్వాలి. మొదటి 2 పాంటియాక్ కంపెనీకి, 42 జీటీవోకి, 67 కన్వర్టిబుల్ బాడీకి. ఆరో అంకె సంవత్సరం, ఉదాహరణకు 7 ఉంటే 1967. తర్వాత ఒక అక్షరం ఫ్యాక్టరీది: పి అంటే మిషిగన్‌లోని పాంటియాక్ ఊరు, బి అంటే బాల్టిమోర్, కె అంటే కాన్సస్ సిటీ. మిగిలిన ఆరంకెలు వరుస సంఖ్య.

మొదటి మూడంకెలు 237 అయితే అది లెమాన్స్. హుడ్ (బానెట్) మీద గాలి స్కూప్ ఉన్నా, ఫెండర్ మీద 6.5 లీటర్ల బ్యాడ్జీ మెరుస్తున్నా లెమాన్స్ లెమాన్సే. లెమాన్స్ కన్వర్టిబుల్ చెడ్డ బండి అని కాదు. చక్కటి బండి. కానీ లెమాన్స్ ధరకే కొనాలి.

మా వాడు చూసిన 1965 బండికి 242 లేదు. మోసమేనా?

కాదు. 1964, 1965లో జీటీవో అనేది లెమాన్స్ మీద ఆప్షన్ మాత్రమే. అందుకే అసలు సిసలు 1965 జీటీవో కన్వర్టిబుల్ నంబరు కూడా 23767 అనే మొదలవుతుంది, మామూలు లెమాన్స్ కన్వర్టిబుల్ లాగానే. నంబరు చూసి ఈ రెంటినీ విడదీయలేం. ఆ బండి ఫ్యాక్టరీలోంచి జీటీవోగా బయటికొచ్చిందని గట్టిగా చెప్పగలిగేది కంపెనీ ఇన్‌వాయిస్. నకిలీలు ఎక్కువగా పుట్టేది ఈ రెండేళ్ల బళ్లలోనే. ఇన్‌వాయిస్ నకలు చూపించకపోతే లెమాన్స్ అనుకునే బేరం ఆడండి.

పీహెచ్ఎస్ కాగితాలు అంటారు, అవేంటి?

పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ దగ్గర 1961 నుంచి పాంటియాక్ ఫ్యాక్టరీ బిల్లుల రికార్డులు ఉన్నాయి. విన్ ఇచ్చి రుసుము కడితే ఆ బండి తాలూకు అసలు రికార్డు నకలు పంపుతారు. ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ రంగు, ఏయే ఆప్షన్లు, ఏ డీలర్‌కు వెళ్లింది అన్నీ అందులో ఉంటాయి. షెవర్లే మజిల్ కార్లు (ఇలా పెద్ద ఇంజన్ పెట్టిన బళ్లు) కొనేవాళ్లలో చాలామందికి ఈ అదృష్టం లేదు, పాత సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న బిల్డ్ షీట్ (ఫ్యాక్టరీ తయారీ వివరాల కాగితం) కోసం వెతుక్కోవాలి. పాంటియాక్ కొనేవాళ్లకు ఇది పెద్ద వరం, వాడుకోండి.

అమ్మేవాడు చూపించిన కాగితంతో సరిపెట్టుకోకుండా మీరే విడిగా తెప్పించుకోండి. వేరే బండి కాగితాన్ని అంటగట్టడం జరగని పని కాదు.

"మ్యాచింగ్ నంబర్స్" అని ప్రకటనలో రాశాడు. నమ్మొచ్చా?

ఆ మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. అచ్చమైన అర్థం: బండితోపాటు పుట్టిన ఇంజనే ఇప్పటికీ అందులో ఉండటం.

1968, ఆ తర్వాతి బళ్లలో తేల్చడం తేలిక. ఇంజన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు, విన్‌లోని కొంత భాగం చెక్కి ఉంటుంది: 2, సంవత్సరం అంకె, ఫ్యాక్టరీ అక్షరం, వరుస సంఖ్య. 1967 వరకూ ఇంజన్ మీద విన్ ఉండదు, ఇంజన్ యూనిట్ నంబరు అని వేరే సంఖ్య ఉంటుంది. పీహెచ్ఎస్ రికార్డులోని సంఖ్యతో అది కలవాలి. పక్కనే రెండక్షరాల కోడ్ ఉంటుంది. 1967లో 335 హార్స్‌పవర్ ఇంజన్‌కు మాన్యువల్ గేర్లయితే డబ్ల్యుటి, ఆటోమేటిక్ అయితే వైఎస్.

తర్వాత టార్చి పట్టుకుని ఇంజన్ వెనుక, డిస్ట్రిబ్యూటర్ దగ్గర చూడండి. పోత పోసిన తేదీ ఉంటుంది. ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. సి157 అంటే 1967 మార్చి 15. బండి ఫిబ్రవరిలో తయారై ఇంజన్ మార్చిలో పోత పోసిందైతే, అది ఆ బండి ఇంజన్ కాదు. మా బండి విషయంలో నాకు నిజం చెప్పింది ఈ తేదీయే. యాభై ఏళ్ల గ్రీజు కింద దాగి ఉంటే కిరసనాయిల్ గుడ్డతో తుడిచి తుడిచి బయటపెట్టాను. తేదీ బండి కంటే మూడు వారాలు ముందుదని చూసిన క్షణం నాకిప్పటికీ గుర్తే.

హార్డ్‌టాప్ (మడవలేని ఇనుప కప్పున్న) బండి కప్పు కోసేసి కన్వర్టిబుల్ అని అమ్ముతారట, నిజమా?

అలాంటివీ ఉన్నాయి. బండి కిందకు దూరి ఫ్రేమ్ చూడండి. హార్డ్‌టాప్ ఫ్రేమ్‌లో పక్క పట్టీలు ఒకవైపు తెరిచి ఉండే కాలువలా ఉంటాయి, లోపలికి వేళ్లు పెట్టొచ్చు. కన్వర్టిబుల్‌కు కప్పు ఇచ్చే బలం లేదు కాబట్టి కంపెనీయే ఆ పట్టీలను నాలుగు వైపులా మూసి పెట్టెలా చేసింది. ఇంజన్ గది వెనుక గోడ మీదున్న చిన్న రేకు ట్యాగ్‌లో బాడీ స్టైల్ కూడా 67తో ముగియాలి, 1966 నుంచి అది 24267. రెండూ సరిపోతే ఈ అనుమానం తీరినట్టే.

ఎర్ర బండి, చాలా అందంగా ఉంది. అసలు రంగు అదేనా?

ఇంజన్ గదిలోని ఆ రేకు ట్యాగ్ మీదే రంగు కోడ్ ఉంటుంది. 1967కి ఎ అంటే స్టార్‌లైట్ బ్లాక్, సి అంటే కేమియో ఐవరీ, ఆర్ అంటే రెజిమెంటల్ రెడ్, ఎం అంటే ప్లమ్ మిస్ట్. కన్వర్టిబుల్‌కి పక్కనున్న అంకె టాప్ (మడిచే కప్పు) రంగును చెబుతుంది. ట్యాగ్ మీద ఏ ఇంజనో ఉండదు, దానికోసం అక్కడ వెతకొద్దు. అమ్మకానికి వచ్చిన చాలా బళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఎర్రరంగులోకి మారినవే. రంగు మారడం తప్పు కాదు, ధరలో లెక్క కట్టాలంతే. నా మట్టుకు, అసలు రంగుకు తిప్పిన బండే నిండుగా కనిపిస్తుంది.

1967 బండికి మూడు కార్బ్యురేటర్లు ఉన్నాయి. ఎక్కువ ఇవ్వొచ్చా?

వద్దు. ట్రై పవర్ అనే ఆ మూడు కార్బ్యురేటర్ల అమరిక 1966తో ఆగిపోయింది. 1967లో దాని స్థానంలో ఒక్క క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్ వచ్చింది. అంటే ఈ బండికి అవి తర్వాత ఎవరో బిగించినవి. చూడముచ్చటగా ఉంటాయి, నడుపుతుంటే మజాగా కూడా ఉంటాయి, కానీ ఒరిజినల్ అనే మాటకు అవి ఎదురు సాక్ష్యం.

విన్ పట్టీ కొంచెం వంకరగా ఉంది. పట్టించుకోవాలా?

తప్పకుండా. పట్టీ అంచులు వంగి ఉన్నా, రివెట్లు కొత్తవిగా మెరుస్తున్నా, చుట్టూ రంగు తేడాగా ఉన్నా ఆగిపోండి. విన్ పట్టీని మార్చడం అమెరికాలో ఫెడరల్ నేరం. టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు, పట్టీ మీది నంబరు అంకె అంకె పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు చేతులు మారకముందే మీ రాష్ట్ర మోటారు వాహన శాఖ చేత పరిశీలింపజేయండి. "తర్వాత చూసుకుందాం" అన్నారంటే బండీ డబ్బూ రెండూ పోయే ప్రమాదం ఉంది.

## చూడటానికి వెళ్లినప్పుడు

తుప్పు ఎక్కడెక్కడ చూడాలి?

తలుపుల కింద పొడుగ్గా పోయే రాకర్ ప్యానెళ్లతో మొదలుపెట్టండి. కన్వర్టిబుల్‌కు అవి వెన్నెముక లాంటివి. తర్వాత వెనుక చక్రాల వెనక క్వార్టర్ ప్యానెల్ కింది భాగం, ట్రంక్ (డిక్కీ) నేల, పాదాల కింద ఫ్లోర్, వెనుక ఇరుసు మీదుగా ఫ్రేమ్ ఎత్తుగా వంగే చోటు, బాడీని ఫ్రేమ్‌కు కలిపే బుషింగుల చుట్టూ ఉన్న రేకు.

కన్వర్టిబుల్‌కే ప్రత్యేకమైన చోటు ఒకటుంది: టాప్ మడిచి పెట్టుకునే గొయ్యి. అక్కడ చేరిన నీరు ట్రంక్ మూలల్లోకి జారి లోపల్నుంచి తినేస్తుంది, బయటికి ఏమీ తెలియదు. వెనుక సీటు తీయించి చూడండి.

గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. రేకు మీద అంటుకోవాల్సింది జారిపోతోందంటే అక్కడ పుట్టీ మందంగా ఉంది. ఆఖరున తలుపు తెరిచి మూయండి. వెనుక అంచు దగ్గర సందు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే బండి నడుము వంగుతోందని అర్థం.

బండి కాలిఫోర్నియాలో ఉంది. ఫొటోలు చూసి కొనేయొచ్చా?

కొనొద్దు. విమానం టికెట్టు ఖర్చు ఒక్క రాకర్ ప్యానెల్ వెల్డింగ్ ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు. వెళ్లలేకపోతే ఆ ఊళ్లో పాంటియాక్‌లు తెలిసిన మెకానిక్‌ను డబ్బిచ్చి పంపండి. బండిని లిఫ్ట్ మీదకెత్తి అడుగు భాగం వీడియో తీయమనండి.

## బాగుచేయించేటప్పుడు

రాకర్లు, ఫ్లోర్లు మార్చాలన్నారు. జాగ్రత్తలేమిటి?

కోత పడకముందే తలుపుల ఖాళీల్లో ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డింగ్ చేయించండి. ముందు స్తంభం నుంచి వెనుక స్తంభానికి ఒకటి, ఐమూలగా ఇంకొకటి, అటూ ఇటూ కలిపి ఒకటి. కప్పు లేని బాడీకి పాత రాకర్ తీసేశాక నిలబెట్టే ఆధారం ఏదీ ఉండదు.

నా బండికి మొదట పనిచేసిన షెడ్డువాళ్లు ఈ గొట్టాలు లేకుండానే రెండు వైపులా రాకర్లు కోసేశారు. పని బాగుందనే అనుకున్నాను. తలుపులు బిగించిన రోజు చూస్తే ఎడమవైపు సందులో పైన గోరు పట్టడం లేదు, కింద చిటికెన వేలు దూరుతోంది. కొత్త రాకర్లు మళ్లీ కోయించి, బాడీని ఫ్రేమ్ మీద నిలబెట్టి, తలుపులు తగిలించి సందులు సరిచూసుకుంటూ తిరిగి వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. ఎనిమిది నెలలు పోయాయి. తలుపులు బిగించి, బండి బరువు చక్రాల మీద ఉండగానే ఆఖరి వెల్డింగ్ పడాలి. ఈ ఒక్క షరతు రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

బాడీని ఫ్రేమ్ నుంచి విడదీయడం తప్పదా?

ఫ్రేమ్ గట్టిగా ఉండి, బుషింగుల చోట రేకు బాగుంటే అక్కర్లేదు. విడదీస్తే మాత్రం బుషింగుల దగ్గర ఎత్తు సరిచేసే పల్చటి రేకు ముక్కలు, అంటే షిమ్‌లు, ఎన్నున్నాయో ప్రతి చోటా ఫొటో తీసి, విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాయండి. తలుపుల సందులు నిలిచేది వాటి మీదే. పూర్తిగా విప్పి చేసే పనికి వెయ్యి గంటలు దాటడం మామూలే, అందులో ఎక్కువ భాగం రేకు పనికీ రంగుకే పోతుంది.

ఇంజన్ బోరింగ్‌కు ఇస్తున్నాను. నంబర్లు పోతాయేమోనని భయం.

పాంటియాక్‌కు ఆ భయం తక్కువ. షెవర్లే ఇంజన్ నంబరు హెడ్ కూర్చునే తలం మీదే ఉంటుంది, తలం కోస్తే చెరిగిపోతుంది. పాంటియాక్ నంబరు ముందు వైపు నిలువు ముఖం మీద ఉంటుంది. అయినా ఇచ్చే ముందు దగ్గరగా ఫొటోలు తీసుకోండి, ఆ చోట ఇసుక కొట్టొద్దని చెప్పండి.

ఇంకో రెండు మాటలు. క్యామ్ గేర్ పళ్లకు కంపెనీ నైలాన్ తొడుగు వేసింది, వయసుకి పెళుసుబారి విరిగి ఆయిల్ పంపులో పడుతుంది. ఇనుప గేర్ వేయించండి. వెనుక క్రాంక్ సీలు తాడు రకం, దాన్ని ఓపిగ్గా కూర్చోబెట్టే చేయి ఉన్నవాళ్లకే పని ఇవ్వండి. లేకపోతే గరాజ్ నేల మీద నూనె చుక్కలు ఆగవు.

కొత్తగా కట్టిన ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేయడానికి పద్ధతి ఉందా?

ఉంది. డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్‌తో ఆయిల్ పంపును తిప్పి అన్ని చోట్లకూ నూనె చేర్చాలి. పాంటియాక్‌లో డ్రిల్ గడియారానికి ఎదురు దిశలో తిరగాలి. జింక్ ఎక్కువున్న బ్రేక్ ఇన్ ఆయిల్ పోయండి. స్టార్ట్ అయిన వెంటనే ఐడిల్‌లో వదలకుండా ఇరవై నిమిషాలు 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఉంచండి. పాతకాలపు చదునైన లిఫ్టర్లు, క్యామ్ ఒకదానికొకటి అలవాటు పడేది ఆ ఇరవై నిమిషాల్లోనే. అందుకే రేడియేటర్‌లో నీళ్లు, పెట్రోలు, టైమింగ్ అన్నీ ముందే సరిచూసుకోవాలి. మధ్యలో ఆపే పరిస్థితి రాకూడదు.

టాప్ ఎత్తే మోటారు పనిచేయడం లేదు. ఏ ఆయిల్ పోయాలి?

పంపు వెనుక సీటు వెనకాల ఉంటుంది, రెండు పక్కలా ఒక్కో హైడ్రాలిక్ సిలిండర్. పాత పంపుల్లో బ్రేక్ ఫ్లూయిడ్ పోసేవాళ్లు, ఇప్పుడు దొరికే కొత్తవాటికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. రెండూ కలిస్తే సీళ్లు పాడవుతాయి. పంపు మారిస్తే గొట్టాలు, సిలిండర్లు కూడా కలిపే మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ కారితే రంగు లేచిపోతుందని మరవకండి.

కొత్త టాప్ గుడ్డ ఎప్పుడు వేయించాలి?

రంగు పని, తలుపు అద్దాల సర్దుబాటు, రబ్బరు బీడింగులు అన్నీ అయ్యాకే. ఇనుప చట్రం ముందు అంచు అద్దం ఫ్రేమ్ మీద సమంగా వాలాలి, గుడ్డ బిగించాక చట్రాన్ని సరిచేయలేం. వేయించాక కొన్ని రోజులు టాప్ ఎత్తి ఉంచితే ముడతలు సర్దుకుంటాయి. గడ్డకట్టే చలిలో మడవొద్దు, వెనుక ప్లాస్టిక్ అద్దమైతే పగిలిపోతుంది.

## నడుపుకునేటప్పుడు

మామూలు పెట్రోలు సరిపోతుందా?

1967 నాటి 335 హార్స్‌పవర్ ఇంజన్ కంప్రెషన్ 10.75కి 1. బంకులో దొరికే 93 ఆక్టేన్ పోసినా ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ కొట్టుకునే శబ్దం వస్తే టైమింగ్ కాస్త వెనక్కి తగ్గించండి. ఇంజన్ ఎలాగూ కట్టిస్తుంటే పిస్టన్లు మార్చి కంప్రెషన్ తగ్గించుకోవడమే మేలు. హెడ్లకు గట్టి వాల్వ్ సీట్లు, ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు గొట్టాలు అప్పుడే వేయించండి.

రోజూ ఆఫీసుకి తీసుకెళ్లొచ్చా? ఇన్సూరెన్స్ ఎలా?

పాత బళ్లకిచ్చే హిస్టారిక్ నంబరు ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలు, క్లబ్బు కార్యక్రమాలు, పెరేడ్ల వంటివాటికే నడపాలి. మిషిగన్‌లో ఆగస్టు నెలలో మాత్రం మామూలుగా తిరగొచ్చు. ఇన్సూరెన్స్ ఒప్పందపు విలువ మీద, అంటే బండి విలువ ముందే కంపెనీతో ఒప్పుకుని, తీసుకోండి. మామూలు పాలసీ మీ బండిని అరవై ఏళ్ల పాత కారుగానే లెక్కగడుతుంది.

ఎప్పటికైనా హైదరాబాద్ తీసుకెళ్లి నడపొచ్చా?

దిగుమతి నిబంధనలు, సుంకాలు మారుతుంటాయి కాబట్టి ఓడ ఎక్కించే ముందే కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడండి. రిజిస్ట్రేషన్ వరకూ అయితే, 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బళ్లకు వింటేజ్ కింద ప్రత్యేక నియమాలు తెచ్చింది. నంబరు ప్లేటులో వీఏ అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సర్వీసింగ్‌కు తప్ప రోజువారీ తిరుగుడుకు ఒప్పుకోరు.

మీ బండి చూడాలంటే?

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూకి రండి. 1995 నుంచి, 2020లో తప్ప, ఏటా అక్కడ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల సందడి జరుగుతోంది. ఆ రోడ్డే ఉత్తరంగా పోతే మా బండి పుట్టిన పాంటియాక్ ఊరు వస్తుంది. టాప్ దించే ఉంటుంది, వెనుక సీట్లో ఇద్దరికి చోటుంది.